మడతకు ఒక్క గీత నూనె

ముందు వాసన వచ్చింది. సోమవారం పొద్దున దుత్తలూరు దాటి మొదటి మిట్ట ఎక్కుతున్నాం. కారులో ఏసీ గాలితో పాటు వెచ్చటి ఆముదం వాసన తేలుతూ వచ్చింది. చిన్నప్పుడు మా అమ్మ ముక్కు మూసి తాగించిన ఆముదం అది, ఎక్కడున్నా గుర్తుపడతాను. అయితే ఆ పూట దానికి నా దగ్గర కారణం సిద్ధంగానే ఉంది. ముందురోజు ఆదివారం, మా అత్త పిల్లలిద్దరి తలలకూ కారేటట్టు ఆముదం పట్టించింది. కుంకుడుకాయతో రుద్దినా ఆ వాసన ఒక్క పూటలో వదలదు. అదే అయ్యుంటుందనుకుని అద్దంలోంచి వెనక సీటు వైపు చూశాను.

ఎనిమిదేళ్ల పెద్దదీ, అయిదేళ్ల చిన్నదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మామూలుగా ఆ వేళకి కిటికీ కోసం గిల్లుకుంటూ ఉండాలి. గమ్మున కూర్చున్నారు.

యాక్సిలరేటరు తొక్కాను. కారు వినిపించుకోలేదు. ఇంకాస్త గట్టిగా తొక్కాను. బడికి పోనని మంచం కోడు పట్టుకున్న పిల్లలా మొరాయించింది. గొర్రెలను ఎక్కించుకున్న ట్రాలీ ఆటో ఒకటి మా పక్కనుంచి తీరుబడిగా దాటుకుని పోయింది. గొర్రెలన్నీ మమ్మల్నే చూస్తూ వెళ్లాయి. ఆ తర్వాత మీటర్ల మధ్య చిన్న ఇంజను బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది.

ఆ దీపం నాకు కారు రిపేరు గురించి మాత్రమే చెప్పలేదు. ఎందుకో చెప్పాలి.

మా ఇల్లు ఉదయగిరిలో. నా ఉద్యోగం ఆత్మకూరులో, ఒక రక్తపరీక్షల ల్యాబులో. పిల్లల బడి కూడా అక్కడే, ల్యాబుకు రెండు వీధుల అవతల. పెళ్లయిన దగ్గరనుంచి నా డిగ్రీ కాగితాలు బీరువాలో పట్టుచీరల కింద పడున్నాయి. ఈ ఉద్యోగం దొరికాకే బయటికొచ్చాయి. మా ఆయన ఉదయగిరిలోనే పురుగుమందుల కొట్టు నడుపుతాడు. పాత డీజిలు కారు తాళం నా చేతిలో పెడుతూ ఒక షరతు కూడా పెట్టాడు.

"తోలుకో. నేను కాదన్లా. అయితే పిల్లకాయల్ని పెట్టుకోని రోడ్డు మీద ఒక్కసారి ఆగిపోయినావా, ఆ రోజుతో సరి. వాళ్లు ఈడే బళ్లో చేరతారు, నువ్వు ఇంట్లో ఉంటావు. మళ్లీ ఏడ్వబాక."

సరేనన్నాను. ఆ సోమవారానికి ఉద్యోగంలో చేరి అయిదో నెల నడుస్తోంది.

నేను స్వతహాగా భయస్తురాలిని. గ్యాసు కట్టేశానో లేదోనని గుమ్మం నుంచి వెనక్కి వెళ్లి చూసే రకం. కారులో రెండు నీళ్ల సీసాలు, ఒక టార్చి, పిల్లల జ్వరం మందు, గ్లూకోజు పొడి, చక్రాల వెనక పెట్టడానికి రెండు రాళ్లు ఎప్పుడూ ఉంటాయి. రాళ్లు చూసి మా ఆయన, "కొండ కూడా ఎక్కించుకో, పనికొస్తాది" అన్నాడు ఒకసారి. అలాంటి నేను ఆ కారు బానెట్టు ఎత్తి లోపల చెయ్యి పెట్టడానికి భయపడలేదంటే దానికి కారణం దుమ్ము.

మా దారిలో కొంత మేర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కంకర లారీల వెనక వెళితే ముందున్నది రోడ్డో ఆకాశమో తెలియదు. ఇంటికొచ్చాక కారు నిలిపేది గొర్రెల దొడ్డి పక్కన. మొదటి సర్వీసులో ఆత్మకూరు మెకానిక్ ఎయిర్ ఫిల్టరు తీసి నా ముందు నేలకేసి కొట్టాడు. ఫిల్టరంటే ఇంజను పీల్చే గాలిని వడకట్టేది, అట్ట మడతల పెట్టె. దాన్నుంచి గుప్పెడు ఎర్రమన్ను రాలింది.

"దుత్తలూరు నేల సగం ఈడే ఉండాది గదమ్మా. దీన్ని తట్టలో పోసి నీళ్లు చల్లినావంటే వేరుశెనక్కాయ మొలుస్తాది."

కొత్తది వేశాడు. నెల తిరక్కుండానే అదీ ఎర్రబడింది. ల్యాబులో పనిచేసేదాన్ని, వడకట్టే కాగితం మూసుకుపోతే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఫోనులో వారం రోజులు వెతికి, కడిగి మళ్లీ వాడుకునే ఫిల్టరు ఒకటి తెప్పించాను. సన్నటి తీగ వలల మధ్య నూలుగుడ్డ పొరలు, వాటికి పలచగా ఎర్రటి నూనె. దుమ్ము ఆ నూనె తడికి అంటుకుంటుంది, గాలి మాత్రం లోపలికి వెళుతుంది.

పార్సిలు విప్పిన రోజు ఇల్లంతా చుట్టూ చేరింది.

"కార్ల పందేనికేమన్నా పోతావా?" అన్నాడు మా ఆయన.

మా మామ తిప్పి తిప్పి చూశాడు. ఆయన జన్మంతా గొర్రెలు కాశాడు, వయసులో ఉన్నప్పుడు ఎద్దులబండి తోలాడు. "ఏందమ్మాయ్ ఇది, రొట్టెలు కాల్చుకునేదా?"

బిగించడం చెప్పుకోదగ్గ పనేం కాదు. ఫిల్టరు కూర్చునే పెట్టెకు నాలుగు క్లిప్పులు. మూడు చేతికి అందుతాయి, నాలుగోది వెనకాల ఎక్కడో దాక్కుని ఉంటుంది, వేలి కొసతో తడిమి ఎత్తాలి. పాత అట్ట ఫిల్టరు తీసి, పెట్టెలో మన్ను తడిగుడ్డతో తుడిచాను. ఇంజనులోకి పోయే గొట్టం నోట్లో ఆకో పుల్లో పడుతుందని ఒక శుభ్రమైన గుడ్డ కుక్కాను. కొత్తది పెట్టి, చుట్టూ రబ్బరు అంచు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూశాను. అంచు పక్కన సందు ఉంటే ఎంత మంచి ఫిల్టరయినా దండగ, దుమ్ము ఆ సందులోంచే దూరుతుంది. నాలుగు క్లిప్పులూ వేసి చేతులు కడుక్కుంటుంటే అనుమానం వచ్చింది. గొట్టంలో గుడ్డ తీశానా?

తెరిచి చూశాను. తీశాను. అన్నం తింటుంటే మళ్లీ అనుమానం. తెరిచాను. లేదు, తీసేశాను. మూడోసారి క్లిప్పులు ఎత్తుతుంటే వసారాలో మంచం మీదినుంచి మామ అన్నాడు: "ఎన్నిసార్లు తెరుస్తావమ్మాయ్, కోడి గుడ్డు పెట్టిందేమో చూసినట్టు?"

నాలుగో క్లిప్పు ఎలా తీయాలో ఆయనకు అలా తెలిసింది. అప్పుడు నేను దాని గురించి ఆలోచించలేదు.

పాత అట్ట ఫిల్టరును దులిపి, సంచీలో చుట్టి డిక్కీలో పెట్టాను. పారేయడానికి మనసొప్పలేదు.

రెండు నెలలకు, అంటే ఆ సోమవారానికి ముందు ఆదివారం, కొత్త ఫిల్టరును మొదటిసారి కడిగాను. మా దుమ్ముకి అంతకన్నా ఆగకూడదనిపించింది. దాంతో పాటు వచ్చిన కడిగే మందు రెండువైపులా చల్లి, పది నిమిషాలు ఉంచి, లోపలివైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు పట్టాను. బయటినుంచి పడితే మురికి ఇంకా లోపలికి దిగుతుంది. నీళ్లు ఎర్రమట్టి రంగులో వచ్చి, పోను పోను తేటబడ్డాయి. ఆ తర్వాత ఆరబెట్టడం దగ్గర గొడవ మొదలైంది.

"మిద్దె మీద మిరపకాయల పక్కన పడెయ్, గంటలో పెళపెళలాడద్ది" అంది మా అత్త.

"పంచరు కొట్లో గాలి పట్టిచ్చక రా" అన్నాడు మామ.

ఎండ వద్దు, గాలి కొట్టడం వద్దు, గుడ్డ పొరలు చెడిపోతాయి అని చెప్పి వసారాలో దండేనికి వేలాడగట్టాను. సాయంత్రానికి ఆరింది. అప్పుడు చిన్న సీసా తీసి నూనె పెట్టాను. ఒక్కో మడత శిఖరం మీద ఒక్క గీత. అంతే. కాసేపటికి అదే గుడ్డంతా పాకుతుంది. తెల్లగా మిగిలిన చోట మాత్రం ఇంకో చుక్క.

మామ మంచం దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఆ చుక్కలేందమ్మాయ్? పసిబిడ్డకి చెవి మందు పోసినట్టు!"

"అంతే పోయాలి మామా. ఎక్కువైతే లోపల గాలిని కొలిచే సన్నతీగ ఒకటి ఉంటుంది, దానికి నూనె అంటుకుంటుంది. అప్పుడు కారుకు ఎంత గాలి వస్తోందో తెలియదు, లాగదు."

"గాలిని కొలిచేదా?" అని పెద్దగా నవ్వాడు. "మా నాయన బండి కింద వెదురుగొట్టంలో కందెన ఎప్పుడూ వేలాడతా ఉండేది. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి పెట్టేవాడు. పొద్దున్నే ఇరుసుకి పూస్తే కిందికి కారాల. చక్రం అరిచిందంటే సిగ్గు ఎద్దులకి కాదు, తోలేవాడికి."

నేనూ నవ్వి, ఫిల్టరు బిగించి, గుడ్డ తీశానో లేదో రెండుసార్లే చూసుకుని పడుకున్నాను.

ఇక మిట్ట మీదికి వస్తాను. కారును పక్కకు తీసి, నాలుగు లైట్లూ మినుకుమనేటట్టు పెట్టి, దిగి చక్రాల వెనక రాళ్లు పెట్టాను. బానెట్టు ఎత్తాను కానీ ఫిల్టరు పెట్టె తెరవలేదు. అంత దుమ్ములో తెరిస్తే నేనే చేతులారా మన్ను పోసినట్టు. మా ఆయనకు ఫోన్ చేయలేదు. మెకానిక్‌కు చేశాను.

"వేడి ముల్లు పైకి పోయిందా?"

"లేదు."

"పొగ?"

"కొంచెం నల్లగా."

"అయితే ఏం గాదులే. ముప్పై దాటబాక. మెల్లంగా తోలుకోని రా."

ఈలోగా ఒక గొర్రెల మంద మా చుట్టూ చేరింది. వాటి వెనక కర్ర పట్టుకున్న ముసలావిడ బానెట్టులోకి తొంగి చూసింది.

"ఏమ్మా, నీళ్లయిపోయినాయా?"

"లేదవ్వా. ఊపిరాడటం లేదు."

"దానికా, నీకా?"

అంత భయంలోనూ నవ్వొచ్చింది. గొర్రెలు కదిలేదాకా నిలబడి, మళ్లీ ఎక్కాను. ఆత్మకూరు దాకా ముప్పై మీదే వెళ్లాను. మోపెడు మీద ఒక పెద్దాయన కొంతదూరం మాకు తోడుగా వచ్చి, విసుగుపుట్టి ముందుకు వెళ్లిపోయాడు. వెనక సీటులో పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. నా భయం చూసి భయపడ్డారనుకున్నాను.

వాళ్లను ఆలస్యంగానే బడిలో దించి షెడ్డుకు వెళ్లాను. మెకానిక్ పెట్టె తెరిచి, ఫిల్టరు పైకెత్తి, అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. అడుగునుంచి నూనె ధారగా కారుతోంది.

"ఏందమ్మా ఇది? ఫిల్టరా, బజ్జీనా?" అని కింద పాత పేపరు పరిచాడు. వాసన చూశాడు. "ఆముదం! ఎవురు చెప్పినారు నీకిది?"

"నేను కాదు. నేను పోసింది ఎర్రగా ఉంటుంది."

"మరి ఇది దానంతటది నడిచొచ్చి ఎక్కిందా?"

ఆయన గొట్టంలోని సన్నతీగ ఊడదీసి, ఏదో స్ప్రే కొట్టి ఆరనిచ్చాడు. గొట్టం తుడిచాడు. దీపం ఆర్పాడు. ఇప్పుడేం వేయాలి అని అడిగేలోపే నేను డిక్కీ తెరిచి పాత అట్ట ఫిల్టరు తెచ్చిచ్చాను. సంచీ విప్పి చూసి, "దీన్ని కూడా దాచిపెట్టినావే! భయం కూడా ఒకోసారి పనికొస్తాదమ్మా" అన్నాడు.

ఆ రోజంతా నన్ను నేనే అనుమానించుకున్నాను. అలమరలో రెండు సీసాలూ పక్కపక్కనే ఉంటాయా? పొరపాటున అత్త సీసా తీసి పోశానా? నా కళ్లతో చూసిన ఎర్రరంగు మీదే నమ్మకం పోయింది. ల్యాబులో ప్రతి రక్తనమూనా మీదా పేరు మూడుసార్లు చదివాను. షరతు గుర్తొచ్చినప్పుడల్లా నాలుగోసారి కూడా చదివాను. సాయంత్రం ఇంటికెళితే మాట మాటే. పిల్లల టీసీలు, నా రాజీనామా కాగితం, మళ్లీ బీరువాలో పట్టుచీరల కింద డిగ్రీ.

తిరుగుదారిలో కారు హాయిగా లాగింది. అదే మిట్ట దిగుతుంటే పెద్దది సన్నటి గొంతుతో అడిగింది.

"అమ్మా, మేము బడి మారాలా?"

నేను నోరు తెరిచేలోపు చిన్నది ఏడుపు లంకించుకుంది. "తాత పోసినాడు! తాతే పోసినాడు!"

"ఏయ్, చెప్పొద్దన్నాడు గదా!"

కారు మళ్లీ పక్కకు తీశాను. విషయం ముక్కలు ముక్కలుగా బయటపడింది. పొద్దున నేను వంటింట్లో టిఫిను డబ్బాలు సర్దుతుంటే, పిల్లలు దొడ్లో పళ్లు తోముకుంటున్నారు. తాత అత్త సీసా పట్టుకుని వచ్చాడు. బానెట్టు ఎత్తాడు. నాలుగు క్లిప్పులూ తీశాడు, వెనకది కూడా. "మీ అమ్మ పిసినారిగా పోసింది, ఇంత దూరం పోయే బండి" అంటూ సగం సీసా వంచాడు. మూసేసి, పిల్లల వైపు తిరిగి వేలు చూపించాడు: "అమ్మకి చెప్పబాకండి. భయపడద్ది."

ముందు కోపం వచ్చింది. తర్వాత, డెబ్భై ఏళ్ల మనిషి కళ్లజోడు లేకుండా ఆ నాలుగో క్లిప్పును తడుముకుంటున్న దృశ్యం కళ్లముందుకు వచ్చి నవ్వు ఆగలేదు. పిల్లలు నన్ను వింతగా చూశారు. కానీ నవ్వు తగ్గాక ఆయన చివరి మాట మాత్రం మిగిలిపోయింది. అమ్మకి చెప్పబాకండి, భయపడద్ది. ఆ మాట మా ఇంట్లో కొత్తది కాదు. దొడ్లో పాము కనబడినప్పుడు అన్నారు. మా ఆయన బండి మీదినుంచి జారిపడి మోకాలు గీరుకున్నప్పుడు అన్నారు. చిన్నది రూపాయి బిళ్ల మింగిందని నాకు తెలిసింది, అది బయటికొచ్చిన మర్నాడు.

మేము ఇల్లు చేరేసరికి వార్త మాకన్నా ముందే చేరింది.

"ఆగిందంట గదా," అన్నాడు మా ఆయన గుమ్మంలోనే, నా చేతిలోంచి కారు తాళం తీసుకుంటూ. "కొట్టుకొచ్చినోళ్లు ముగ్గురు చెప్పినారు, బానెట్టు ఎత్తుకోని నిలబడి ఉండావని."

షెడ్డునుంచి పేపరులో చుట్టి తెచ్చిన ఫిల్టరును అరుగు మీద పెట్టాను. పిల్లలు నా చీర పట్టుకుని వెనక నిలబడ్డారు. మామ మంచం మీద కూర్చుని కాలి వేళ్లు చూసుకుంటున్నాడు. పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"నూనె ఎక్కువైంది" అన్నాను.

"నేను చెప్పలా? చేతగాని పనులెందుకు నీకు? మాటంటే మాటే. రేపే పోయి ఈడ బళ్లో..."

"ఒరే," అన్నాడు మామ. తలెత్తలేదు. "నూనె పోసింది నేను రా."

"నువ్వా? నువ్వు పోసేదేంది నాయనా?"

"చుక్కలు చుక్కలు పోస్తా ఉంటే చూడలేకపోయినాను. పిల్లకాయలు పొయ్యే బండి గదా." నా వైపు చెయ్యి చూపించాడు. "ఆ పిల్ల చెప్పింది ముందే, తీగుండాది అని. నేనే ఇన్లా."

"ఎవురు పోస్తే ఏముండాది, ఆగింది ఆగిందే గదా."

"ఆపింది నేను గదరా! అయితే బళ్లో చేరాల్సింది నేను. రేప్పొద్దున నన్ను తీసకపోయి చేర్చు. పలకా బలపం కొనియ్యి."

చిన్నది కిసుక్కున నవ్వింది. వంటింట్లోంచి అత్త గొంతు వచ్చింది: "సీసా సగానికి దిగిందేందా అని పొద్దున్నుంచి చూస్తా ఉండాను! బళ్లో చేరేవాడు వచ్చేటప్పుడు ఆముదం తెమ్మను."

మా ఆయన అందరి మొహాలూ చూశాడు. నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు, నాకు తెలుస్తూనే ఉంది. "మిట్ట మీద ఆగినాక నాకెందుకు చెయ్యలా ఫోను?" అన్నాడు.

"చేస్తే అరుస్తాడు," అన్నాడు మామ నా బదులు. "నువ్వు అరిస్తే బండి కదల్తాదా? మెకానిక్కుకి చేసింది, పిల్లకాయల్ని చేర్చింది, పన్లోకి పోయింది, తిరిగొచ్చింది. ఇంకేం తోలాలిరా?"

మా ఆయన కారు తాళం అరుగు మీద ఫిల్టరు పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. షరతు మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆముదం మాత్రం అంత తొందరగా వదల్లేదు. నాలుగుసార్లు మందు చల్లాల్సి వచ్చింది. మామ పైపు పట్టుకున్నాడు. "మెల్లగా మామా, లోపలినుంచి బయటికి" అంటే, "తెలుసులే" అన్నాడు. ఇప్పుడు ఫిల్టరుకు నూనె పెట్టేది ఆయనే. కళ్లజోడు పెట్టుకుని, నాలుక కొస బయటికి పెట్టి, మడతకు ఒక్క గీత. పెట్టిన ప్రతిసారీ "పిసినారి పని" అని గొణుగుతాడు కానీ రెండో గీత గీయడు. ఈ రాత్రి నేనిది రాసుకుంటుంటే అది దండేనికి ఆరుతోంది, ఇందాక రెండుసార్లు లేచి చూసొచ్చాను.

ఆ మర్నాడు, మంగళవారం పొద్దున, పాత అట్ట ఫిల్టరుతోనే బయలుదేరాం. తాళం తిప్పబోయి ఆగి వెనక్కి తిరిగాను. ఇద్దరూ తిట్లకు సిద్ధపడి బ్యాగులు గుండెలకు హత్తుకుని కూర్చున్నారు.

"చూడండి," అన్నాను, "నాకు చెబితే నేను భయపడతాను. అది నిజమే. కాళ్లు వణుకుతాయి, నీళ్లు తాగుతాను, డిక్కీ తెరిచి చూస్తాను. అయినా బండి తోలతాను, నిన్న చూశారు కదా. కాబట్టి తాత చెప్పొద్దన్నా, నాన్న చెప్పొద్దన్నా, ఏదున్నా నాకు చెప్పాలి. భయపడటం నా పని. చెప్పడం మీ పని. ఇప్పుడు బెల్టులు పెట్టుకోండి."